చెరువుకి దండోరా

చెరువు నీళ్లకి నూరడుగుల లోపు ఇల్లు కట్టకూడదని ఆ పట్నంలో కట్టడి. నగరసభ పెద్ద గజపతయ్యకి ఆ ఒడ్డునే నేలుంది. దాన్ని ముక్కలుచేసి అమ్ముకోవాలని, తన నేలకి మాత్రం నూరడుగుల్ని పదికి తగ్గించమన్నాడు. సభ్యులంతా గంగిరెద్దుల్లా తలూపారు.

"ఈ ఆజ్ఞ పాటించాల్సినవాళ్లందరికీ చాటిరా" అని దండోరా వేసే ఓబులేసుకి చెప్పారు.

స్థలాలు కొనడానికి జనం ఒడ్డున చేరగానే, ఓబులేసు మోకాలిలోతు నీళ్లలోకి దిగి డప్పు కొట్టాడు.

"ఓ చెరువమ్మా! నిరుటి వానలకి ఈ నేలంతా ముంచేశావు. సభవారి ఆజ్ఞ! ఇకమీదట పదడుగులు దాటి రాకు!"

"నీళ్లకి చెబుతావేంట్రా, పిచ్చివెధవా!" గజపతయ్య అరిచాడు.

"పాటించాల్సింది ఇదొక్కటే కదా దొరా! మీ మాటకి ఇంకా తలూపందీ ఇదొక్కటే."

కొనడానికొచ్చినవాళ్లు వచ్చినదారినే పోయారు.