కాటమయ్య కాలి వేలు, ఎర్రప్ప పరుగు

"ఈ అడవిలో ఏ కాలికి నొప్పి వచ్చినా ఆ కాలు నడవక్కర్లేదు. వైద్యుడే దాని దగ్గరికి నడిచి వస్తాడు."

అనగనగా ఒక అడవిలో, పట్టాభిషేకం నాడు సింహరాజు అందరి ముందూ ఇచ్చిన మాట అది, పిల్లలూ. అడవి అడవంతా జేజేలు కొట్టింది. మూడు వానాకాలాలు వెళ్ళిపోయాయి. పేరున్న వైద్యులంతా రాజుగారి గుహ ముందే కూర్చున్నారు. పేద కాళ్ళు మాత్రం తమ నొప్పిని తామే మోసుకుంటూ తిరిగాయి.

ఆ అడవిలో కాటమయ్య అనే తోడేలు ఉండేవాడు. తోడేళ్ళూ దుమ్ములగొండ్లూ కలిసి వేటాడే గుంపు వాళ్ళది. "అందరి వేట, అందరి ముద్ద" అన్నది ఆ గుంపు నినాదం. ఆచారం మాత్రం వేరు. వేటలో ముందు నడిచినవాడికే కార్జం, అంటే వేట కాలేయం, దక్కేది. వాడు తినడం అయ్యేదాకా మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని చూడాలి.

ఎర్రప్ప అనే దుమ్ములగొండి కార్జం తింటుంటే కాటమయ్య ఏళ్ళ తరబడి గుటకలు మింగుతూ చూశాడు. కిందటేడు ఎర్రప్పకు కాలు వాచింది. ముందు నడిచే పని, దానితోపాటు కార్జం, కాటమయ్యకు వచ్చాయి. "వాణ్ణి దించేశాను, నా వాటా గెలుచుకున్నాను" అని అడవంతా చాటుకున్నాడు.

అయినా అతని కడుపుమంట చల్లారలేదు. ఎర్రప్ప నాలుగు నెలల్లో లేచి, వాగు గట్టు మీద పరుగులు తీస్తున్నాడు. గుంపులో పిల్లలన్నీ వాడి వెనకే. "పుట్టుకతోనే కుంటినడక జాతి. వాడికి ఆ పరుగు ఎక్కడిది?" అని కాటమయ్య పళ్ళు నూరేవాడు.

ఒకరోజు పొద్దున కాటమయ్య లేచేసరికి కుడికాలి వేలు ఎర్రగా వాచి నిప్పులా కాలుతోంది. ఎండుటాకు ఒకటి రాలి దానిమీద పడితే ప్రాణం పోయినంత పనైంది.

రాజుగారి వైద్యులెవరూ రాలేదు. కోతి వచ్చి పసరు కట్టు కట్టింది. వారానికి వాపు తగ్గింది. కాటమయ్య మళ్ళీ కార్జం ముందు కూర్చున్నాడు. నెల తిరగకుండానే నొప్పి తిరిగొచ్చింది.

ఈసారి గుడ్లగూబ వచ్చి, "నీ మీద ఎవరి కన్నో పడింది" అంటూ దిష్టి తీసింది.

"ఎవరి కన్నో నాకు తెలుసులే" అన్నాడు కాటమయ్య, వాగువైపు చూస్తూ. అప్పుడూ వారానికి వాపు తగ్గింది. ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది.

మూడోసారి కాకి వచ్చింది. "నీకు రక్తం తక్కువైంది. ఇంకాస్త కార్జం తిను" అంది. తిన్నాడు. పది రోజులైనా లేవలేకపోయాడు. వేలి పక్కన తెల్లటి గడ్డ ఒకటి తేలింది.

గుంపుకి పెద్దదైన ముసలి తోడేలు వచ్చి చూసింది. "జ్యేష్ఠం దాటితే వానలు మొదలవుతాయి. ఈలోపే మనం కొండ అవతలికి చేరాలి. నడవలేనివాడి కోసం ఆగలేం, కాటమయ్యా" అని చెప్పి వెళ్ళింది.

భార్య సోమక్క అంది: "ఎర్రప్పన్నకీ ఇలాగే వాచింది కదా. ఎవరికి చూపించుకున్నాడో అడగరాదూ?"

"పోయి వాడి కాళ్ళు పట్టుకోమంటావా?"

"నీ కాలు గురించి అడగమన్నాను. వాడి కాళ్ళ సంగతి నేనెత్తలేదు."

"వాడు నవ్వుతాడు."

"నవ్వనీ. నవ్వితే వాచే కాలు కాదుగా అది."

కాటమయ్య మూడు రోజులు పంతం పట్టి పడుకున్నాడు. నాలుగో రోజు దాహం ఆగక వాగుకి కుంటుకుంటూ వెళ్ళాడు. ఎర్రప్ప అక్కడే ఉన్నాడు.

"ఏం బావా, మా జాతి నడక నేర్చుకుంటున్నావా?"

కాటమయ్యకు ఒళ్ళు మండింది. అయినా నేల చూపులు చూస్తూ అడిగాడు: "నీ కాలు ఎవరు బాగుచేశారు?"

"వాగు అవతల ఏదుపంది వీరమ్మ. కీళ్ళు తప్ప ఇంకేమీ చూడదామె. పద, నా భుజం పట్టుకో."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"రెండుసార్లు వచ్చాను. గుర్రుమని మొహం తిప్పుకున్నావు."

వీరమ్మ కాలు తాకి చూసింది. తన ముల్లు ఒకటి తీసి, వాచిన కీలులోంచి ఒక్క చుక్క తీసింది. దాన్ని ఎండకు పెట్టి కళ్ళు చికిలించింది. చుక్కలో సన్నటి సూదుల్లాంటివి మెరిశాయి.

"ఇది గౌట్ అనే కీళ్ళ జబ్బు. దిష్టీ కాదు, రక్తం తక్కువా కాదు" అంది వీరమ్మ. "ఒంట్లో యూరికామ్లం అని ఒకటి పుడుతుంది. పోవాల్సినంత బయటికి పోకపోతే రక్తంలో పేరుకుంటుంది. అదే కీళ్ళలో సూదులై గుచ్చుతుంది. కొందరికి వంశంలోనే ఉంటుంది. కార్జం తింటే ఇంకా పెరుగుతుంది."

"మరి కోతి కట్టుకి తగ్గిందే?"

"వారానికి దానంతటదే తగ్గుతుంది నాయనా. పేరు కట్టుకి వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. మొదటిసారే వచ్చి ఉంటే ఈ గడ్డ లేచేది కాదు."

ఆమె రెండు మందులు ముందుపెట్టింది. "ఇది వాపుకి. ఇది రోజూ వేసుకోవాలి. నొప్పి పోయిందని మానకూడదు. నీళ్ళు బాగా తాగు. కార్జం వదిలెయ్."

కాటమయ్యకు ముల్లు కంటే ఆ చివరి మాట గట్టిగా గుచ్చుకుంది. "నేను వదిలేస్తే ఎవరు తింటారు?" అని ఎర్రప్పను ఎగాదిగా చూశాడు.

"నేను తినను బావా" అన్నాడు ఎర్రప్ప. "ఈమె చెప్పిన రోజే వదిలేశాను. ముందు నడవడం కూడా మానుకున్నాను. అందుకేగా అది నీదాకా వచ్చింది."

ఏడాదిగా కాటమయ్య తను గెలిచానని చాటుకున్నది, వాడు వద్దని పారేసిన ముద్ద. ఆ సంగతి మింగుడుపడలేదు. చిత్రం ఏమిటంటే, ఇప్పుడు కూడా ఆ ముద్ద వేరే ఎవరి నోట్లోకి పోతుందోనన్న బెంగ అతన్ని వదల్లేదు.

వీరమ్మ ఆ బెంగను కళ్ళలోనే చదివింది.

"కార్జమా, కాలా? ఇప్పుడే చెప్పకు" అంది. "ఇప్పుడు నీ నోట నొప్పి మాట్లాడుతుంది. వాపు తగ్గాక, కార్జం కళ్ళముందు ఉన్నప్పుడు, ఇంకొకడు దాన్ని ముట్టుకోబోతున్నప్పుడు ఆలోచించుకో. మీ గుంపు కదిలేలోపే, జ్యేష్ఠ పౌర్ణమి నాటికి నాకు జవాబు కావాలి."

నీతి: పక్కవాడి ముద్ద మీదే కన్ను పెట్టినవాడికి తన ఒంట్లో జబ్బు కనపడదు. నొప్పి తగ్గగానే జబ్బు పోయిందనుకోకండి. తెలిసినవాళ్ళను అడగడానికి సిగ్గుపడకండి.