కంచె లోపలి మడ మొక్కలు

అనగనగా వాన మొహమే ఎరగని ఒక ఎడారి. దాని చివర సముద్రం. ఆ రెండింటి మధ్య ఉప్పునీళ్లలో పచ్చగా నిలబడ్డ మడ అడవి. కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతేనే మనం కంచం తోసేస్తాం కదా, ఆ చెట్లు ఉప్పునీళ్లే తాగి బతుకుతాయి పిల్లలూ! ఎంత గట్టివో చూడండి.

ధూసరి అనే ఆడ ఒంటె ఆ మడాకులే మేసి బతికేది. ఒక ఏడు అడవి ఒక పక్కనుంచి ఎండిపోసాగింది.

"ఇదంతా ధూసరి మేత వల్లే," అంది నక్క.

"అయితే తరిమేద్దాం," అంది కొంగ.

ధూసరికి భయమేసింది. అడవి దాటితే అంతా ఇసకే. గడ్డిపరక కూడా దొరకదు.

అప్పుడు బురదలోంచి ఒక ముసలి పీత బయటికొచ్చింది. అందరూ దాన్ని పీతత్త అంటారు. కళ్లతో చూడనిదే ఏదీ నమ్మే రకం కాదు.

"నోటికొచ్చిందల్లా తీర్పు కాదర్రా. పరీక్ష చేసి చూద్దాం," అంది.

అడవి ఎండుతున్న వైపు పీతత్త మూడు చోట్ల మడ మొక్కలు నాటింది. మొదటి చోట చుట్టూ ముళ్లకంచె వేసింది. రెండో చోటు ఊరికే వదిలేసింది. మూడో చోటికి సముద్రం నుంచి చిన్న కాలువ తవ్వింది.

"కోడలుపిల్లా, కంచెలోవి ముట్టుకోకు. మిగతావి ఎప్పటిలాగే మేయి. కంచెలోవి బతికి, రెండో చోటువి చస్తే తప్పు నీదే. వెళ్లిపోవాలి. కంచెలోవీ చస్తే తప్పు ఇంకెక్కడో ఉన్నట్టు," అంది.

"మరి కాలువ ఎందుకత్తా?"

"నాకో అనుమానం ఉంది. నిజమో కాదో నాకూ తెలీదు."

కొన్నాళ్లకు రెండో చోట మొక్కలు చచ్చిపోయాయి. కంచెలోవి ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇవి ఇలాగే ఉంటే వెళ్లిపోవాల్సిందేనని ధూసరికి దిగులు పట్టుకుంది.

నక్క మెల్లగా దగ్గరికొచ్చింది. "ఎవరూ చూడట్లేదు. మెడ చాపి మొదళ్లు కొరికెయ్. వాటంతటవే చచ్చాయనుకుంటారు," అంది.

ధూసరి మెడ చాపింది. లేతాకు మూతికి తగిలింది. అంతలో దూరంగా పీతత్త కనిపించింది. మండుటెండలో, ఒక కాలు విరిగినా, కాలువలో పూడిన ఇసక తోడుతూనే ఉంది. ధూసరికి సిగ్గేసింది. మెడ వెనక్కి తీసుకుంది.

"వెళ్లగొడితే వెళ్తాను. అత్త పడ్డ కష్టాన్ని మాత్రం అబద్ధం చెయ్యను," అంది.

తర్వాత కంచెలో మొక్కలూ వాడిపోయాయి. అందరూ పోగయ్యారు.

"ఇదే కొరికింది! మెడ చాపడం నేను చూశాను," అని అరిచింది నక్క.

పీతత్త కంచెలోకి దూరి ఆకు ఆకూ తిప్పి చూసింది. ఒక్క పంటిగాటు లేదు. మొదళ్ల దగ్గర మాత్రం ఉప్పు తెల్లగా పేరుకుంది. మూడో చోట చూస్తే, ధూసరి మేసిన కొమ్మలే మళ్లీ చిగుళ్లు వేస్తున్నాయి!

"ఇసక మేటలు వేసి పోటునీళ్లు లోపలికి రావట్లేదర్రా. ఉన్న నీళ్లు ఎండకి ఆవిరై ఉప్పు మిగిలిపోతోంది. కాలువ ఉన్నచోట పోటు ఆ ఉప్పును కడిగేస్తోంది. ఎంత గట్టి చెట్టయినా ఎంతని ఓర్చుకుంటుంది? మేసినవి ముందు పోయాయి, మేయనివి తర్వాత పోయాయి, అంతే తేడా!" అంది పీతత్త. ధూసరి వైపు తిరిగి, "కంచెలో ఒక్క గాటున్నా ఈ సంగతి తేలేది కాదు. సగం నేను కనిపెడితే, నోరు కట్టుకుని మిగతా సగం నా కోడలు కనిపెట్టింది," అంది.

కొంగ తల దించుకుంది. ఆ రోజే అందరూ కాలువలు తవ్వడం మొదలెట్టారు. నక్కకీ తప్పలేదు.

నీతి: భయపడి నిజాన్ని చెడగొట్టకూడదు, మనల్ని కాపాడేది ఆ నిజమే కావచ్చు.