నావ లేని మాసేను

ఏరు ఇప్పుడున్న చోట కాక, ఆ ఇసక దిబ్బల అవతల పారుతుండే రోజుల మాట ఇది. ఎన్నేళ్ళయిందంటే నేను చెప్పలేను. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆ ఏటికే తెలియాలి. మీరు ఊఁ కొడుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను.

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పల్లె ఉండేది. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఏరు, ఒక పక్క మడ అడవి. ఆ పల్లెలో మాసేను అని ఒకడుండేవాడు. వాడికి గౌరమ్మ అని భార్య, చిలకమ్మ అని ఒక్కతే కూతురు. తాటాకు గుడిసె ఉంది. పొయ్యి ఉంది, కుండ ఉంది. నావ లేదు.

ఆ ఊళ్ళో నావ లేనివాడంటే కాళ్ళు లేనివాడి కిందే లెక్క. నావ ఉన్నవాడు వేటకెళ్తాడు. లేనివాడు గట్టు మీద ఉండి, వచ్చిన వలలు దులిపి, దక్కిన గుప్పెడు చేపలు ఇంటికి తెచ్చుకుంటాడు.

మాసేను చేసేది గాలాల పని. ఆ ఏటి మొగలో పండుగప్ప చేపలు ఉండేవి. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే చోటే తిరుగుతాయవి. ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువుండేది. చూడ్డానికి వెండిలా మెరుస్తుంది గానీ, దాని మొప్ప అంచు కత్తే. గాలానికి పడగానే తల ఒక్కసారి విదిలించి తాడు కోసుకుని పోతుంది. అలాంటి చేపకి తాడు పేనాలంటే మాసేనే పేనాలి. జనుము నార మూడు పేటలు పేని, తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో నానేసి, ఎండకి ఆరేసి, మళ్ళీ పేనేవాడు. ఇనుము కాల్చి వంచి గాలం చేసి, చేప జారకుండా దానికి ముల్లు దిద్దేవాడు. ఊళ్ళో ప్రతి నావలోనూ మాసేను గాలమే ఉండేది, మాసేను తాడే ఉండేది. మాసేను మాత్రం ఏ నావలోనూ ఉండేవాడు కాదు.

వాడికీ ఆశ ఉండేది. ఎప్పటికైనా సొంత నావ కట్టుకోవాలని. నావ లేకుండానే దానికి కావలసినవి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఒక పెద్ద గాలం చేసుకున్నాడు. అంత పొడవు తాడు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు, అలాంటిది ఒకటి పేనుకున్నాడు. చుట్ట చుట్టి గుడిసె వాసానికి వేలాడదీశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందిరా నీ వ్యవహారం అని ఊరు నవ్వేది. ఏటి ఒడ్డున ఎవరు కనపడినా, నావెప్పుడు మాసేనూ అని అడిగేవారు.

"వస్తుందిలే" అనేవాడు.

వరదలొచ్చినప్పుడు ఏట్లో దుంగలు కొట్టుకొస్తాయి. మాసేను వాటిని ఈది పట్టుకొచ్చి ఒడ్డుకి చేర్చేవాడు. మొదటిసారి పోగేసిన చెక్కకి చెద పట్టింది. సగం నావకి సరిపడేది, ఒక్క వానాకాలంలో పొడైపోయింది. గౌరమ్మ ఏడిస్తే, ఏరు మళ్ళీ తెస్తుందిలే అన్నాడు.

ఏరు మళ్ళీ తెచ్చింది. ఈసారి చెదకి అందకుండా అటక మీద పెట్టుకున్నాడు. ఆ ఏడు ముసురు పట్టి విడవలేదు. ఆ ముసురులోనే ఎల్లాజీ తండ్రి చచ్చిపోయాడు. ఎల్లాజీ, వాడి అన్న ఇద్దరూ నావ ఉన్నవాళ్ళే గానీ, తండ్రిని కాల్చడానికి ఊళ్ళో ఎండు కట్టె ఒక్కటి లేదు. శవాన్ని పెట్టుకుని అన్నదమ్ములు కూర్చున్నారు. మాసేను ఎవరూ అడక్కుండానే అటకెక్కి చెక్కంతా దింపాడు. చితి బాగా మండింది.

మూడోసారి పోగవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈసారి చెక్క మంచిది, ఎగువ అడవుల్లోది. ఆ రోజుల్లోనే పోలిరాజు నావ కట్టడం మొదలుపెట్టాడు. పోలిరాజు గౌరమ్మకి వరసకి తమ్ముడు, పక్క గుడిసెలోనే ఉండేవాడు. నావ సగంలో ఆగిపోయింది, చెక్క చాల్లేదు. పోలిరాజు రోజూ వచ్చి మాసేను గుమ్మంలో కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఆ చెక్క వంక చూసి, లేచి వెళ్ళిపోయేవాడు. చివరికి మాసేనే, సగం నావలు రెండుండి ఏం లాభం రా, ఒకటైనా నీళ్ళలో దిగనీ అని ఇచ్చేశాడు.

పోలిరాజు నావ పూర్తయింది. గంగమ్మకి పూజ చేసి మంచిరోజు చూసి నీళ్ళలోకి దించుదామని ఒడ్డున నిలబెట్టాడు.

అప్పుడు చిలకమ్మకి నెలలు నిండి ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే దానికి నొప్పులు మొదలయ్యాయి. ఎగువన వానలు కురిసి ఏరు నిండుగా పోతోంది. పల్లెలో ఆడవాళ్ళు నలుగురూ చేరారు. పొద్దెక్కినా బిడ్డ రాలేదు. ఒక ముసలామె చెయ్యిపెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, మా వల్ల కాదు, మంత్రసాని రావాలి అంది. మంత్రసాని ఉండేది ఏటి అవతల పాలెంలో.

మాసేను ఏటి ఒడ్డుకి పరిగెత్తాడు. నావలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కదాని కిందా తెడ్డు లేదు. ఆ రోజుల్లో ఎవరి తెడ్డు వాళ్ళు ఇంటికి పట్టుకుపోయేవారు. తెడ్డు ఇంట్లో ఉంటే నావ ఇంట్లో ఉన్నట్టే.

మాసేను ముందు కాసులు ఇంటికెళ్ళాడు. ఊళ్ళో పెద్ద నావ కాసులుది. అయ్యో మాసేనూ అన్నాడు కాసులు. నీళ్ళు దిగకుండా నిన్ననే అడుగుకి కీలు పూశాను, తడి ఆరలేదు, ఇప్పుడు దించితే నావ పాడవుతుంది, రేపు పొద్దున్నకైతే తప్పకుండా ఇస్తానన్నాడు.

అక్కడినించి ఎల్లాజీ ఇంటికెళ్ళాడు. ఎల్లాజీ లేచి నిలబడి మర్యాదగానే మాట్లాడాడు. నావ ఇద్దరిదీ, అన్న సంతకెళ్ళాడు, చెప్పకుండా తీస్తే ఇంట్లో గొడవలవుతాయి, అన్న సాయంత్రానికి వచ్చేస్తాడన్నాడు.

అక్కడినించి పోలిరాజు ఇంటికెళ్ళాడు. పోలిరాజు గుమ్మంలోకి వచ్చాడు. లోపలినించి వాడి భార్య మాట్లాడింది. నావకింకా పూజ కాలేదు, తొలిసారి నీళ్ళలో దిగడమే పురుటి మైలతో దిగితే జన్మలో వేట తగలదు, మా పిల్లలేం తింటారు అంది. పోలిరాజు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

"సరేలే పోలిరాజూ" అని మాసేను వెనక్కి తిరిగాడు.

చూడండి, ఎవరూ వాణ్ణి తిట్టలేదు. ఎవరూ పొమ్మనలేదు. ఒకడు రేపన్నాడు, ఒకడు సాయంత్రమన్నాడు, ఒకడు ఏమీ అనలేదు.

మాసేను గుడిసెకొచ్చి వాసానికున్న తాడు దింపాడు. గౌరమ్మని ఒడ్డుకి పిలిచాడు. తాడు ఒక కొస తన నడుముకి కట్టుకున్నాడు, రెండో కొస గౌరమ్మ చేతికిచ్చాడు. వద్దు మావా, ఏరు చూడు ఎలా ఉందో అని గౌరమ్మ ఏడ్చింది.

"ఇది తెగే తాడు కాదు" అన్నాడు మాసేను. "మెల్లిగా వదులు. నేను తువ్వాలు ఊపినప్పుడు లాగు."

ఏట్లో దిగాడు. గౌరమ్మ తాడు వదులుతూ పోయింది. వాడి తల కనపడేది, మునిగేది, మళ్ళీ కనపడేది. చుట్ట అంతా విప్పుకున్నాక, అవతలి గట్టు మీద ఒక మనిషి నిలబడటం కనిపించింది.

మంత్రసాని ముసలిది. ఈత రాదు. అవతల గట్టు మీదా ఆ వేళకి నావ లేదు, అన్నీ వేటకెళ్ళాయి. మాసేను ఎవరి పెరట్లోనో అరటిబోదెలు నరికి తెప్ప కట్టాడు. ముసలిదాన్ని దాని మీద కూర్చోబెట్టాడు. తాడు ఒక్కటే ఉంది. నడుముకున్నది విప్పి తెప్పకి కట్టాడు. తను వెనక పట్టుకుని తోస్తానన్నాడు.

ముసలిది నీళ్ళు చూసి తెప్ప దిగబోయింది.

"కళ్ళు మూసుకో అత్తా" అన్నాడు మాసేను. "తెరిచేసరికి అవతల ఉంటావు."

ముసలిది కళ్ళు మూసుకుంది. మాసేను తువ్వాలు ఊపాడు. గౌరమ్మ లాగింది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరొచ్చి వాళ్ళూ పట్టుకున్నారు. అరచేతులు కోసుకుపోతున్నా లాగారు. తాడు బిగిసింది, నీళ్ళు కార్చింది, మూలిగింది. తెగలేదు.

తెప్ప మెల్లిగా వచ్చింది. నడి ఏట్లో ఒక పెద్ద దుంగ తెప్ప వెనకనించి పోయింది. ఆడవాళ్ళు తాడు వంకే చూస్తున్నారు. తెప్ప ఒడ్డుకి తగిలింది. ముసలిది కళ్ళు తెరిచింది.

తెప్ప వెనక ఎవరూ లేరు.

"తోస్తూనే ఉన్నాడమ్మా" అంది ముసలిది. "నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎప్పుడు మానేశాడో తెలీలేదు."

అప్పుడే పోలిరాజు పరిగెత్తుకుంటూ ఒడ్డుకొచ్చాడు. భుజం మీద తెడ్డు ఉంది. భార్య మాట కాదని వచ్చేశాడు. కాస్త ముందొచ్చుంటే ఎంత బాగుండేదో.

మంత్రసాని తడిబట్టలతోనే గుడిసెలోకి వెళ్ళింది. గౌరమ్మ వెళ్ళలేదు. ఆడవాళ్ళ ఏడుపు విని ఊరంతా కదిలింది. కాసులు తడి కీలుతోనే నావ దించాడు. ఎల్లాజీ అన్న కోసం చూడలేదు. పోలిరాజు పూజ లేకుండానే నావ నీళ్ళలోకి తోశాడు. ఒకదాని వెనక ఒకటి నావలన్నీ ఏట్లోకి దిగాయి. గట్టు ఖాళీ అయిపోయింది. పేరు పెట్టి పిలుస్తూ ఆ మూలనించి ఈ మూలకి వెతికారు.

గౌరమ్మ ఒడ్డున నిలబడి ఆ నావలన్నిటినీ చూసింది.

"మన ఊళ్ళో ఇన్ని నావలున్నాయా" అంది.

పొద్దు వాలుతుండగా గుడిసెలోనించి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమం అని ఎవరో వచ్చి చెప్పారు. గౌరమ్మ ఇంటివైపు తిరగలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ముందుకి వంగి, పక్క గదిలో పడుకున్న మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"చేరింది మావా. ఆడపిల్ల."

మర్నాడు తెల్లారాక మాసేను దొరికాడు. మడ చెట్ల వేళ్ళు పట్టి ఆపాయి వాణ్ణి. చూసింది పోలిరాజు. కొత్త నావలో పడుకోబెట్టి, పైన తన పంచె కప్పి, తెడ్డు వేసుకుంటూ తీసుకొచ్చాడు. మాసేను బతికుండగా ఎక్కని నావ ఎక్కి ఊరికొచ్చాడు.

దినాలయ్యాక పోలిరాజు ఆ నావని గౌరమ్మ గుమ్మం ముందుకి లాగించి, ఇది బావ చెక్కతో అయింది, బావదే, తీసుకో అక్కా అన్నాడు. తలెత్తి చూడలేకపోయాడు. గౌరమ్మ ఆ నావ అంచు మీద చెయ్యి వేసింది. చెక్కని తడిమి చూసింది. ఏ వరదకి ఏ దుంగ వచ్చిందో ఆమెకి గుర్తే.

"నాకెందుకు తమ్ముడా" అంది. "ఏటి ఒడ్డునే ఉండనీ. తెడ్డు మాత్రం ఇంటికి పట్టుకెళ్ళకు."

పోలిరాజు పట్టుకెళ్ళలేదు. ఆ తర్వాత ఎల్లాజీ పట్టుకెళ్ళలేదు. కాసులు చాలా రోజులు సిగ్గుతో ఒడ్డుకే రాలేదు. వచ్చిననాడు తెడ్డు తెచ్చి నావలో పెట్టి వెళ్ళిపోయాడు.

గౌరమ్మ చాలా కాలం బతికింది. మనవరాలిని ఎత్తుకుని పెంచింది. చేప తినడం మానేసింది. ఎవరేం అడిగినా చెప్పేది గానీ, ఆ రోజు సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. తెప్ప దగ్గర మాసేను అన్న మాటలు మంత్రసాని చెబితేనే లోకానికి తెలిశాయి.

అప్పటినించీ ఆ పల్లెలో తెడ్డు ఇంటికి తీసుకెళ్ళరు. అవసరమైనవాడు నావ తీసుకుంటాడు, పని అయ్యాక తెచ్చి పెడతాడు. అడగడం లేదు, ఇవ్వడం లేదు. కొత్తగా వచ్చిన చుట్టాలు, ఇలాగైతే నావలు పోవా అని అడుగుతారు. పోతే పోయాయి అంటారు ఊరివాళ్ళు.

ఇంకొకటుంది. ఊళ్ళో ఏ ఇంట్లో పురిటినొప్పులు మొదలయ్యాయని తెలిసినా, నావ ఉన్నవాడు ఒకడు చేస్తున్న పని వదిలేసి ఏటి ఒడ్డుకెళ్ళి కూర్చుంటాడు. నావ నీళ్ళలోకి దించి, తెడ్డు చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. వానైనా కూర్చుంటాడు, ఎండైనా కూర్చుంటాడు. ఏరు దూరంగా జరిగిపోయింది. వంతెన పడింది. ఆసుపత్రి బండి గుమ్మంలోకే వస్తోంది. నావతో ఎవరికీ పని లేదు. అయినా కూర్చుంటాడు.

బిడ్డ పుట్టిందని కబురు రాగానే, తెడ్డు ఒక్కసారి నీళ్ళలో ముంచుతాడు. వంగి, నీళ్ళకి దగ్గరగా, నెమ్మదిగా చెబుతాడు.

"చేరింది మాసేనూ."

మగపిల్లాడో ఆడపిల్లో అదీ చెబుతాడు. చెప్పాకే ఇంటికెళ్తాడు.