పన్నీరు దొంగ

ఒకానొక రాజ్యంలో, గట్టుపురం కోటలో, వీరకేసరి అనే రాజు ఉండేవాడు. మనసు వెన్న. నోరు మాత్రం తెరిస్తే మూతపడదు. తీర్పు రెండు ముక్కలైతే, దానికి ముందు ఉపన్యాసం రెండు గడియలు.

ఒకనాడు కొలువుకు అంకమ్మను పట్టుకొచ్చారు. నలభై ఏళ్లుగా కోట దీపాలన్నీ ఆమె చేతిమీదే వెలుగుతున్నాయి. నిన్న నిండుగా ఉన్న నూనె గంగాళం ఈ పొద్దుటికి సగానికి దిగింది. గంగాళానికి చిల్లు లేదు. నూనె ఉండే దీపాల గది తాళంచెవి అంకమ్మ బొడ్డునే ఉంది. ఇంకేం, దొంగ అన్నారు. కష్టం చేసుకునేవాళ్లకు ఆ పేరు ఎంత సులువుగా అంటుకుంటుందో! పెద్దింటి వాడైతే సాక్షులు కావాలి. అంకమ్మకు తాళంచెవి చాలు.

"నేనొక్క చుక్క ముట్టలేదు బాబూ!" అని ఆమె మొత్తుకుంటోంది.

కొలువులో చమత్కారి కొమ్మనకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. చిన్నప్పుడు తల్లి లేని తనకు ఆ దీపాల గదిలోనే అన్నం పెట్టిన చెయ్యి అది. సంగతి తెలియగానే, కొలువు తీరకముందే వెళ్లి గది చూసొచ్చాడు. కొత్త వత్తులు నానడానికి గంగాళంలో వేసి ఉన్నాయి. మూరెడు పొడుగు, వేలెడు లావు. ఆమె మరిచిపోయిందేమో, కొనలు అంచు దాటి బయటికి వేలాడుతున్నాయి. గంగాళం కింద పెట్టిన గడ్డి కుదురును పిండితే చేతికి నూనె కారింది; మిగతాది మట్టినేల తాగేసింది.

"ప్రభూ, నూనె తానే గోడెక్కి దిగిపోయింది" అన్నాడు కొమ్మన.

కొలువంతా గొల్లుమంది.

"నూనెకు కాళ్లున్నాయటరా?" అన్నాడు రాజు. "నిరూపించు. లేకపోతే ఆమెతోపాటు నువ్వూ గాడిదెక్కి కోట దాటాలి!"

"చిత్తం. ముందు ద్రవాల ధర్మమేమిటో ప్రభువులు సెలవిస్తే, పామరులం తరిస్తాం."

రాజు ముఖం వికసించింది. గొంతు సవరించుకున్నాడు. కొమ్మన వంగి, రాజు భుజం మీంచి జారుతున్న నూలు ఉత్తరీయాన్ని సర్దినట్టే సర్ది, దాని కొనను సింహాసనం చేతిమీద నిండుగా ఉన్న పన్నీటి గిన్నెలో ముంచాడు. మిగతాది రాజుగారి ఒళ్లో పరిచాడు.

"నీరు పల్లమెరుగు! నూనె అయినా అంతే. ఎక్కమంటే ఎక్కదు..." రాజు అందుకున్నాడు.

"ఆహా! ఆ ముక్క మరొక్కసారి ప్రభూ!" అంటాడు కొమ్మన. రాజు మరొక్కసారి చెబుతాడు. అలా గడియ దాటింది. రాజు ఒకసారి కదిలాడు. మళ్లీ కదిలాడు. మాట ఆగింది.

"కొమ్మనా, పైకప్పు కారుతోందా?"

"లేదు ప్రభూ."

"మరి నా ఒళ్లో ఈ తడేమిటి?"

కొమ్మన గిన్నెలోకి తొంగిచూసి గుండెలు బాదుకున్నాడు. "ఘోరం! పన్నీరు సగానికి దిగింది. గిన్నెకు చిల్లు లేదు. పక్కనున్నది తమరొక్కరే. భటులారా, గాడిదను ఇటు తోలుకురండి!"

రాజు ఉత్తరీయం ఎత్తాడు. ఒక కొన గిన్నెలో, ఒక కొన ఒళ్లో. కొన నుంచి చుక్క చుక్క జారుతోంది. అప్పుడు కొమ్మన గంగాళం కింది గడ్డి కుదురు తెప్పించి రాజు చేతికిచ్చాడు. "పిండండి. తమరి ఉత్తరీయం చేసిన పనే అక్కడ వత్తులు చేశాయి. పోగు పోగు సందునా పాకి, అంచెక్కి, అవతలికి దిగింది నూనె. రోజూ ప్రమిదలో మనం చూస్తున్నదే కదా! పైకెక్కకపోతే దీపం ఎలా వెలుగుతుంది?"

రాజు కుదురు పిండాడు. నూనె మోచేతిదాకా కారింది. ఒక్కసారిగా పకపకా నవ్వాడు. నవ్వి, సింహాసనం దిగి వచ్చాడు.

"అవ్వా, తప్పు నాది."

"తమరు పుట్టిన పూట పురిటి గదిలో దీపం పెట్టింది నేను, నాయనా. నన్ను దొంగంటారా?" అంది అంకమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"ఇక ఈ కోటలో ఎవరూ అనరు" అన్నాడు రాజు. నూనె చేత్తోనే తన మెడలోని ముత్యాల పేరు తీసి ఆమె మెడలో వేశాడు. తడి ఉత్తరీయం కొమ్మన భుజాన కప్పాడు. "అసలు దొంగ ఇదే. నువ్వే తీసుకుపో!"

అంకమ్మ దాని కొన పట్టుకుని రెండువేళ్లతో నలిపి చూసింది.

"మంచి నూలు కొమ్మనా. పాతబడితే నాకిచ్చెయ్. వత్తులు బాగా వస్తాయి."