తెల్లపువ్వు కట్టు

ఒక ఆసామి పెరట్లో కాలీఫ్లవర్ మడి ఉండేది. అంత తెల్లని పువ్వు ఆ ఊళ్లో మరెవరి పెరట్లోనూ పూసేది కాదు. ఆ తెలుపే తన ఇంటి పరువని ఆసామి నమ్మేవాడు.

అలాంటి పరువు నిలవాలంటే ఎవరినో ఒకరిని కట్టెయ్యాలి. పువ్వు నిమ్మకాయంత కాగానే చుట్టూ ఉన్న ఆకులను పైకి లాగి, పువ్వు మీద గొడుగులా కప్పి, అరటి నారతో ముడి వేయించేవాడు. ఎండ తగిలితే పువ్వు పసుపెక్కుతుంది. పసుపెక్కిన పువ్వు తన మడిలోదని ఆయన చెప్పుకోడు.

ముడి వేసేది ఇల్లాలు. తెల్లవారకముందే ఆమెను మడిలో నిలబెట్టేవాడు.

"మంచు ఆరనివ్వండి. తడి మీద కడితే లోపల కుళ్లుతుంది," అందామె.

"ఆరేదాకా ఆగితే ఎండ తగలదూ? కట్టు. దాని మంచికే."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె వీధి వాకిలి దాటలేదు. "బయట ఎండ, నీ మంచికే చెబుతున్నా" అని వేసవిలో అన్నాడు. ముసురు పట్టిన రోజుల్లోనూ అదే అన్నాడు. ఆమె తడి ఆకుల మీద ముడి వేసింది.

కట్టు లోపల చీకటి. ఒక పువ్వు అడిగింది.

"తాతా, ఎండ ఎలా ఉంటుంది?"

"నీకెందుకు పిల్లా? నీ తరఫున మేం చూస్తున్నాంగా," అంది వెలుపలి పెద్దాకు.

"నేనే చూస్తే?"

"చెడిపోతావు. చెడిపోయినదాన్ని కోయరు."

కత్తిని సన్మానమనుకునే తరం పెద్దాకుది. తన ఒంటి మీద నార బిగించిన చేతిని అది ఒక్కసారీ ప్రశ్నించలేదు. పువ్వును కప్పే అధికారం దొరికింది కదా, అది చాలు దానికి. సంకెళ్లను పదవులుగా చూసుకునేవాళ్ల మీదే ఈ లోకంలో అన్ని కోటలూ నిలబడి ఉన్నాయి.

పువ్వుకు ఆనుకుని లోపలి ఆకు ఒకటి ఉంది. ముడి సరిగ్గా దాని ఈనె మీద పడింది.

కొన్నాళ్లకు పక్క మొక్క కట్టులోంచి వాసన మొదలైంది. ముందు ఆ కట్టులో పువ్వు ఊపిరాడడం లేదంది. తర్వాత మూలిగింది. ఆ తర్వాత ఏమీ అనలేదు. దాని మౌనాన్ని మడిలోని ఆకులన్నీ కలిసి క్రమశిక్షణ అని మెచ్చుకున్నాయి.

"తాతా, పక్కన ఏదో కుళ్లుతోంది," అంది పువ్వు.

"మన మడిలో కుళ్లు లేదు. ఆ ఆకులు ఎంత పచ్చగా ఉన్నాయో నేను చూస్తున్నాగా."

నిజమే, ఆకులు పచ్చగానే ఉన్నాయి. కట్టు గొప్పతనమే అది.

ఇల్లాలికీ వాసన తగిలింది. "ఒక్కసారి విప్పి చూద్దామండీ," అంది.

"విప్పితే ఇన్నాళ్లూ కట్టింది దండగైపోదూ?" అన్నాడు ఆసామి.

పువ్వు లోపలి ఆకు వైపు ఒరిగింది. "అక్కా, తర్వాత నేనేనా?"

"నువ్వు కాదు," అంది లోపలి ఆకు.

అది నారకు ఎదురు తన్నింది. నార తెగలేదు. ఆకు ఈనే చిట్లింది. చిట్లినా ఆగలేదు, సగానికి చీలిపోయేదాకా తన్నింది. ఆకు చీలిన సందులోంచి ముడి జారి కింద పడింది.

"ఇల్లు కూల్చావు కదే, ద్రోహీ," అంది పెద్దాకు.

"ఇది ఇల్లు కాదు తాతా. మూత."

ఎండ లోపలికి వచ్చింది. పువ్వు అంచులు మెల్లగా పసుపెక్కాయి. పువ్వు సిగ్గుపడలేదు. వెచ్చగా ఉందని మాత్రం అంది.

మర్నాడు ఆసామి చూశాడు. "ఛీ, పాడైంది," అన్నాడు. పీకబోయి, ఆగాడు. "ఉండనీ. దీన్ని చూసి మిగతావాటికి బుద్ధొస్తుంది."

హెచ్చరికగా నిలబెట్టినదే రేపు జెండా అవుతుందని ఏ ప్రభువుకూ తెలియదు.

కోత రోజు వచ్చింది. కత్తి ఒక్కో పువ్వు మెడకిందికి దిగింది. ముందు రాలింది ఆకులే. అన్నాళ్లూ కాపలా కాసిన ఆకులన్నిటినీ, కొయ్యకుండా వదిలిన పసుపు మొక్క వెలుపలి ఆకులతో సహా, పోగుచేసి గేదె తొట్లో వేశారు.

"పువ్వు తెల్లగానే ఉందా?" అని గేదె పళ్ల మధ్య నలుగుతూ పెద్దాకు అడిగింది. అది కాపలా కాసిన పువ్వు ఎప్పుడో పసుపెక్కి మడిలోనే నిలబడి ఉంది. గేదె ఆ సంగతి చెప్పలేదు.

పక్క మొక్క కట్టు విప్పితే లోపల నల్లటి ముద్ద. "దీని జాతే అంత," అన్నాడు ఆసామి, తడి మీద కట్టించిన అదే నోటితో.

తెల్లని పువ్వులను ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో ముంచారు. పురుగులు తేలాయి. "ఎవరికీ చెప్పకు," అన్నాడు భార్యతో. మరి కొన్నిటిని వేళ్లతో సహా పీకి, చీకటి గదిలో దూలానికి తలకిందులుగా వేలాడదీశారు. చీకట్లో పెరిగినవి చీకట్లోనే వేలాడాయి. దానికి నిల్వ చెయ్యడమని పేరు.

ఒక్క తెల్లపువ్వు మొక్కను మాత్రం ఆసామి కొయ్యలేదు. నార పడకముందే ఆకులు దగ్గరికి ముడుచుకున్న మొక్క అది.

"చూశావటే, చెప్పకముందే మూసుకుంది. దీని విత్తనం వేస్తే ఇక కట్టే పనే ఉండదు."

"విత్తనం కావాలంటే దీన్నీ విచ్చుకోనివ్వాలి కదండీ," అందామె.

ఆయన వినిపించుకోలేదు. కానీ అది విచ్చుకుంది. తెల్లని గడ్డ విడి కొమ్మలైంది, కొమ్మల నిండా పసుపు పూలొచ్చాయి. విధేయమైన మొక్కా, పాడైన మొక్కా పక్కపక్కనే ఒకే ఎత్తున, ఒకే పసుపుతో నిలబడ్డాయి. తేనెటీగలు రెండిటి మీదా వాలాయి.

ఆసామి వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తన జీవితమంతా ఏ తేడా మీద కట్టుకున్నాడో ఆ తేడా ఆయన కళ్లకు ఆనలేదు.

"ఆ చెడిపోయినదాన్ని పీకి పారెయ్యి," అన్నాడు చివరికి.

"ఏదండీ?"

"అదీ నేనే చెప్పాలా? ఇన్నాళ్లూ కట్టిందానివి, నీకు తెలీదూ?"

ఆమె వంగి మొక్కల మొదళ్లు తడిమింది. ఒకదానికి సగానికి చీలి ఎండిపోయిన ఆకు ఇంకా అంటుకుని ఉంది. ఆ చీలిక మీద ఆమె వేలు కాసేపు ఆగింది. తర్వాత రెండో మొక్కను పట్టుకుని వేళ్లతో సహా పెకలించింది.

"ఇదేగా?"

"అదే," అన్నాడు ఆసామి, ఎంతో నమ్మకంగా.

మిగిలినదాని కాయలు ఎండాయి. విత్తనాలను బూడిదలో కలిపి కుండలో దాచాడు. ఇంట్లో ఉన్న నార కట్టలన్నీ నీళ్ల కాగు కింద పెట్టించాడు. "ఇక వీటితో పనేముంది," అన్నాడు. ఆమె ఒక్కో కట్టనూ తన చేత్తోనే మంటలోకి తోసింది.

మళ్లీ చలికాలం వచ్చింది. మడి నిండా మొక్కలు లేచాయి. పువ్వులు నిమ్మకాయంత అయ్యాయి. ఆకులు మూసుకునే రోజు కోసం ఆసామి ఎదురుచూశాడు.

ఒక పొద్దున ఆయన వెళ్లేసరికి మడి పొడుగునా ఆకులు అరచేతుల్లా తెరుచుకుని ఉన్నాయి. ప్రతి పువ్వులోనూ ఎండ కూర్చుంది.

ఆయన పరుగెత్తి ఒక మొక్క ఆకులను రెండు చేతులా దగ్గరికి నొక్కాడు. నొక్కినంతసేపు మూసుకున్నాయి. తలెత్తి చూస్తే మడిలో మిగతావన్నీ తెరుచుకునే ఉన్నాయి. ఈ ఒక్కదాన్ని వదిలితే గానీ ఇంకోదాన్ని పట్టుకోలేడు.

"ఏమే, నార తే," అని అరిచాడు.

"మీరే కాల్పించారు కదండీ."

ఆ గొంతు వంటింట్లోంచి రాలేదు. వీధి వాకిలి అవతలి నుంచి వచ్చింది. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది.