ముళ్ళపంది వకీలు దిద్దిన మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వాగన్నాక రెండు గట్లుంటాయి. గట్లు రెండయ్యాక తగవు రాకుండా ఉంటుందా పిల్లలూ?

ఇవతలి గట్టున సూదయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. అతను వకీలు. రాయాల్సి వస్తే వీపు మీంచి ఒక ముల్లు పీకి, తాటాకు మీద బరబరా గీకేసేవాడు. అంత నోరున్నవాడు ఆ అడవిలో మరొకడు లేడు. కాకులు కూడా అతనితో వాదన పెట్టుకునేవి కావు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అవతలి గట్టున గడ్డి మాడిపోయింది, దుంపలు ఎండిపోయాయి. అక్కడి జింకలూ మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వాగు దాటి రావడం మొదలెట్టారు. సూదయ్యకి గుబులు పుట్టింది. అతనికి ఇద్దరు పసిపిల్లలు.

"ఇలా వస్తూ పోతే నా పిల్లలకి దుంప మిగులుతుందా?" అనుకున్నాడు.

ఆ గుబులు నిజమైనదే, పాపం. కానీ దాన్ని ఇంట్లో పెట్టుకుని ఊరుకోకుండా అడవంతా పంచిపెట్టాడు. కుందేళ్ళ దగ్గరికి వెళ్ళి, "వాళ్ళు మీ గడ్డి మేసేస్తారు" అన్నాడు. కోతుల దగ్గరికి వెళ్ళి, "మీ పళ్ళు కాజేస్తారు" అన్నాడు. చిలకల దగ్గరికి వెళ్ళి, "మీ తొర్రల్లో కాపురం పెట్టేస్తారు" అన్నాడు. తొర్రలో జింక ఎలా పడుతుందని ఒక్క చిలకా అడగలేదు. భయం పట్టుకున్నవాళ్ళకి ఆలోచన తోచదు కదా!

అందరూ కలిసి, అడవికి పెద్ద దిక్కయిన ఏనుగమ్మ దగ్గరికి వెళ్ళారు. సూదయ్య తాను రాసిన చట్టం చదివాడు. "వాగు అవతలివాళ్ళు ఇవతలికి రాకూడదు. వాగు ఎక్కడ పారితే అక్కడే హద్దు. ఎవరినైనా దాటించినవాళ్ళని అడవిలోంచి వెలివేయాలి."

ఏనుగమ్మ చెవులాడించింది. "చూలింతలు తప్ప, పసివాళ్ళు తప్ప అని ఎక్కడా లేదేం నాయనా?" అని అడిగింది.

"తప్ప అన్న మాట చట్టానికి కన్నం లాంటిదమ్మా. అందులో ఇవాళ చీమ దూరితే రేపు పాము దూరుతుంది. నా చట్టంలో ఆ మాట ఉండదు" అన్నాడు సూదయ్య.

అందరూ జేజేలు కొట్టారు. ఏనుగమ్మ నిట్టూర్చి సరేనంది. రేవు దగ్గర బొంతయ్య అనే ఎలుగుబంటిని కాపలా పెట్టారు. బొంతయ్య చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఈగని తోలమంటే ఈగనే తోలతాడు, పక్కన వాలిన దోమ జోలికి పోడు.

మొదటి రోజు నిండుచూలాలు జింక ఒకతె వచ్చింది. "వకీలుగారూ, కాన్పయ్యేదాకా ఉండనివ్వండి. తర్వాత వెళ్ళిపోతాను" అంది.

"చట్టంలో తప్ప లేదమ్మా" అన్నాడు సూదయ్య.

రెండో రోజు చిప్పతాత అనే ముసలి తాబేలు వచ్చాడు. "గట్టెక్కను బాబూ, ఈ ఒడ్డున నీళ్ళలోనే పడుంటాను" అన్నాడు.

"చట్టంలో తప్ప లేదు తాతా" అన్నాడు సూదయ్య.

మూడో రోజు నీలాలు అనే నీటికుక్క వచ్చింది. పిల్లని రేవు రాతి మీద పెట్టింది. "అన్నా, మా మడుగు ఎండిపోయింది. నన్ను రానివ్వొద్దులే, దీన్నొక్కదాన్నీ ఉంచుకో" అంది.

సూదయ్య ఆ పిల్లని ఒకసారి చూశాడు. అయినా, "తప్ప లేదమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. నీలాలు పిల్లని నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

తర్వాత పది రోజులకి వాన పడింది. అలా ఇలా కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. పనిమీద ఏనుగమ్మ దగ్గరికి వెళ్ళిన సూదయ్య మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టాడు. తీరా వచ్చేసరికి ఆ దారే లేదు! రేవు పక్కనే అతని బొరియ. నిన్నటిదాకా వాగు దానికి అవతల పారేది. ఇప్పుడు గట్టు కోసుకుని ఇవతల పారుతోంది. బొరియ మునిగిపోయింది. పక్కనున్న పుట్ట మీద అతని భార్య చెంచి పిల్లలిద్దరినీ పొట్టకింద దాచుకుని వణుకుతోంది. నీళ్ళు ఆ పుట్టని కొరుక్కు తింటున్నాయి.

సూదయ్యకి ఈత రాదు. "కోతులన్నలారా! ఒక తీగ విసరండయ్యా!" అని అరిచాడు.

"దాటిస్తే మమ్మల్ని వెలివేస్తారుగా" అన్నాయి కోతులు కొమ్మల మీంచి.

"బొంతయ్యా! నువ్వైనా దిగు! వాళ్ళు నా వాళ్ళు!"

బొంతయ్య బుర్ర గోక్కున్నాడు. "మీ వాళ్ళే వకీలుగారూ. కానీ వాగుకి అవతలున్నారు. వాగు ఎక్కడ పారితే అక్కడే హద్దని మీరే రాశారు" అన్నాడు.

"నా భార్యాబిడ్డలు తప్ప..." అనబోయి సూదయ్య ఆగిపోయాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చింది.

అంతలో అవతలి ఒడ్డునుంచి ఒక గొంతు వినిపించింది. "అన్నా! మేం దిగితే నీకు అభ్యంతరమా?" అది నీలాలు.

"లేదు తల్లీ! దిగు! నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు!" అని ఏడ్చేశాడు సూదయ్య.

నీలాలు బాణంలా దూసుకొచ్చింది. వెనకాలే చిప్పతాత వచ్చాడు. "ముళ్ళు ముడుచుకో వదినా, తాత మునిగితే అందరం మునుగుతాం" అని నీలాలు అనగానే చెంచి ముళ్ళు అణుచుకుని తాత వీపు మీదకెక్కింది. నీలాలు ఒక పిల్లని నోట కరుచుకుంది, రెండోదాన్ని చెంచి పట్టుకుంది. పుట్ట ఫెళ్ళున కూలింది. కానీ అప్పటికి దాని మీద ఎవరూ లేరు.

ఇవతలి ఒడ్డుకి చేరేసరికి బొంతయ్య అడ్డంగా నిలబడ్డాడు. "అవతలినుంచి వస్తున్నారు. దిగనివ్వను" అన్నాడు.

అప్పుడే ఏనుగమ్మ ముసలి కాళ్ళు ఈడ్చుకుంటూ అక్కడికి వచ్చింది. "వకీలూ, చట్టం తీసి 'వకీలు కుటుంబం తప్ప' అని చేర్చు. బొంతయ్య తప్పుకుంటాడు" అంది.

సూదయ్య గబగబా ముల్లు పీకాడు. తాటాకు మీద 'తప్ప' అని గీశాడు. తలెత్తి చూశాడు. నీలాలు మెడదాకా వరదలో ఉంది. దాని నోట్లో అతని బిడ్డ భద్రంగా ఉంది. అవతలి ఒడ్డున దాని సొంత పిల్ల ఒక్కతే కూర్చుని కుయ్యి కుయ్యిమంటోంది.

సూదయ్య తాను గీసిన మాటకి చివర ఒక కొమ్ము తగిలించాడు.

బొంతయ్య తాటాకు మీదికి వంగి కూడబలుక్కుని చదివాడు. "తప్పు... ఏది తప్పు వకీలుగారూ?"

"ఇదంతా తప్పే. రాసింది నేను, తప్పు నాది" అన్నాడు సూదయ్య. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నా అతని మనసు తేలికైంది.

ఏనుగమ్మ తొండం చాచి తాటాకు అందుకుంది. మడిచి నోట్లో పెట్టుకుని కరకరా నమిలేసింది. "ఎన్నాళ్ళనుంచో దీన్ని నమిలేయాలని ఉంది" అంది.

"చట్టం మీ కడుపులోకే పోయాక ఇక నాకేం పని!" అంటూ బొంతయ్య నీళ్ళలోకి దిగి, తాబేలుని, వీపు మీద వాళ్ళతో సహా, ఎత్తి గట్టున పెట్టాడు. నీలాలు తన నోట్లోని పిల్లని గట్టు మీద దించింది. పిల్లలిద్దరూ తండ్రి మూతి నాకారు. హమ్మయ్య అనుకుని సూదయ్య అక్కడే బురదలో కూలబడ్డాడు.

నీలాలు వెనక్కి తిరిగింది. "వస్తానన్నా. నా పిల్ల అక్కడే ఉంది."

"వెళ్ళి తీసుకురా. ఆ జింక ఎక్కడున్నా, కన్నా కనకపోయినా, దాన్నీ పిలుచుకురా. పాపం, నీ పిల్ల వానలో తడిసిపోతోంది" అన్నాడు సూదయ్య.

నీటికుక్క పిల్లకి తడవడం ఏమిటని చెంచి కిసుక్కున నవ్వింది. తాత నవ్వాడు, కోతులు నవ్వాయి, ఆఖరికి బొంతయ్యకి కూడా అర్థమై పొట్ట పట్టుకున్నాడు. ఆ నవ్వుల్లోంచే నీలాలు వాగులోకి దూకింది.

నీతి: మన బిడ్డ కోసం తెరవాలనిపించే తలుపుని ఎదుటివాళ్ళ బిడ్డకి మూయకూడదు.