లారీ వీరమణి ఆటో ఎక్కిన రోజు

గుమ్మలూరులో బుల్లెమ్మ గారింట్లో నలుగురే మనుషులు. బుల్లెమ్మ, ఆవిడ మొగుడు తాతారావు, కొడుకు సత్తిరాజు, కోడలు వరహాలు. ఊరి మొత్తానికి సరిపడా తెలివి తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. నలుగురిలో ఎవరు ఎక్కువ తెలివైనవాళ్ళో తేలక ఒక్కోరోజు అన్నాలు కూడా మానేసి వాదించుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో సాయంత్రమైతే ఆడవాళ్ళంతా టీవీ ముందు చేరి 'లారీ వీరమణి' సీరియల్ చూస్తారు. మొగుడు పోయాక అతని లారీ తానే తోలుకుంటూ, అడ్డొచ్చిన రౌడీలను చితక్కొట్టే ఆడమనిషి కథ అది. అది చూసి ఒకావిడ పిండిమర నడపడం మొదలుపెట్టింది. ఇంకొకావిడ మోటార్లు బాగుచేస్తోంది. మన వరహాలు కూడా పొలం గట్ల మీద మొగుడి ఆటో తోలడం నేర్చేసుకుంది. చక్కగా తోలుతుంది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బుల్లెమ్మ ఆటో తాళం బొడ్లో దోపుకుని, ఆ వీరమణమ్మే వచ్చి నా ఎదురుగా నిలబడి చెబితే అప్పుడిస్తానంది. టీవీలోంచి లారీ బయటికి ఎలాగూ పట్టదని ఆవిడ ధైర్యం.

అలాంటిది మహిళా సంఘం వాళ్ళు ఆ వేషం వేసిన నటి మృదుల గారిని ఏకంగా ఊళ్ళోకే పిలిపించారు. బళ్ళో శాలువా కప్పి సన్మానం, ఆ తరవాత బుల్లెమ్మ గారింట్లో భోజనం. ఆవిడకి అలవాటైనవన్నీ అమర్చండి, ఏ లోటూ రానివ్వకండి అని సంఘం అధ్యక్షురాలు మరీ మరీ చెప్పి వెళ్ళింది.

అంతే. ఆవిడ అలవాట్లు వీళ్ళకి తెలియనివా? సీరియల్లో ఆవిడ ఎక్కడ అడుగుపెట్టినా వాన పడుతుంది. వాన లేకపోతే ఆవిడకి ఊపిరాడదేమో అన్నాడు తాతారావు. ఇంకేముంది, మోటారు వేసి, పైపు పట్టుకుని డాబా ఎక్కేశాడు. మృదుల గారు పట్టుచీరలో కారు దిగి నమస్కారం పెట్టేలోపే కుండపోత. ఆవిడ కెవ్వుమంది. పాపం, సంతోషం పట్టలేకపోతోందని బుల్లెమ్మ కళ్ళొత్తుకుంది.

ఆవిడ తల తుడుచుకుంటుండగా సత్తిరాజు మొహానికి మసి పూసుకుని, దుడ్డుకర్రతో అడ్డం నిలబడ్డాడు. రోజూ ఎవరినో ఒకరిని కొట్టాకే కదా ఆవిడ అన్నం తినేది. ఆవిడ వెళ్ళి స్తంభం వెనక నక్కింది. కొట్టమని సత్తిరాజు బతిమాలాడు. నాకు ఈగను కొట్టడం కూడా చేతకాదు బాబూ అందావిడ. సరే, మొహమాటపడుతోంది కాబోలనుకుని, తన నెత్తిన తానే ఒకటి వేసుకుని, గాల్లోకి ఎగిరి, పాయసం గిన్నెలో పడ్డాడు.

మిగిలిన పప్పన్నమైనా తిందామని ఆవిడ ముద్ద కలిపి నోటిదాకా తెచ్చేసరికి బుల్లెమ్మ విస్తరి లాగేసుకుంది. సరిగ్గా మంచిచోట ఆపి ప్రకటనలు వెయ్యాలి కదా మరి. బట్టల సబ్బు, పళ్ళపొడి, తలనొప్పి మందు ఒక్కొక్కటే తెచ్చి, నవ్వుతూ ఆవిడ మొహం ముందు తిప్పి, మళ్ళీ విస్తరి పెట్టింది. రెండో ముద్దకి మళ్ళీ విరామం. మూడో ముద్దకి విస్తరి ఎత్తి లోపల పెట్టేసి, మిగతా అన్నం రేపు ఇదే వేళకి అని చెప్పింది.

ఇంత జరుగుతున్నా వరహాలు కళ్ళు అత్త బొడ్లో తాళం మీదే ఉన్నాయి. ఈవిడ ఆ మాట చెప్పకుండా రైలెక్కేస్తే తన బతుకింక వంటింట్లోనే. ఉండబట్టలేక వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. మిమ్మల్ని చూసే నేను ఆటో నేర్చుకున్నానండీ, అత్తయ్యకి ఒక్క మాట చెప్పండి అంది.

మృదుల గారు ఆకలీ చలీ మర్చిపోయింది. నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు, ఆ లారీని తాడు కట్టి లాగేవాళ్ళు, నన్ను చూసి నువ్వు నిజంగానే నేర్చుకున్నావా తల్లీ అని వరహాలు చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఇంతకు మించిన సన్మానం తనకి ఎక్కడా జరగలేదంది. తరవాత లేచి బుల్లెమ్మ ఎదురుగా నిలబడి, కోడలితో గట్టిగా చెప్పింది.

"నడుపు తల్లీ. ఒకసారి బండెక్కాక ఎవరు ఆపమన్నా ఆపకు. ఎంతటివాళ్ళు చెప్పినా ఆపకు."

అంతే. బుల్లెమ్మ తాళం తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆవిడ మాట తప్పి ఎక్కడైనా ఆపావో, తాళం మళ్ళీ నా బొడ్లోకే అని కూడా అంది.

తాతారావు కురిపించిన వానకి సంఘం వాళ్ళ కారు బురదలో దిగబడిపోయింది. దాంతో మృదుల గారు స్టేషన్‌కి వరహాలు ఆటోలోనే బయల్దేరింది. దారి పొడవునా ఆడవాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టారు. స్టేషన్ వచ్చింది. ఆపమ్మా, ఇదేగా స్టేషన్ అందావిడ. వరహాలు నవ్వుకుంది. పెద్దవాళ్ళు ఇలాగే పరీక్షలు పెడతారని ఆమాత్రం తెలీదా? స్టేషన్ వెనక్కి వెళ్ళిపోయింది. రైలు కాసేపు పక్కనే పరుగెత్తి అదీ వెళ్ళిపోయింది. మృదుల గారు భుజం తట్టింది, బతిమాలింది, చివరికి వీరమణి గొంతుతో గద్దించింది. ఆ గొంతు విన్నాక వరహాలుకి ఎక్కడలేని హుషారొచ్చి మరికాస్త జోరు పెంచింది.

పక్క జిల్లాలోకి వెళ్ళాక ఆయిల్ అయిపోయి ఆటో నిలబడిపోయింది. వరహాలు గబగబా దిగి, బిక్కమొహంతో వెనక సీటు దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"నేను ఆపలేదండీ, అదే ఆగింది. అత్తయ్యకి మాత్రం చెప్పకండి. మీరు దిగి కాస్త తోశారంటే, మళ్ళీ ఆగకుండా పోదాం."